వెన్నలాంటి బ్రేక్

జూన్ 2, ఆదివారం

మధ్యాహ్నం భోజనాల వేళకి తోడల్లుడు కారేసుకుని దిగాడు. మా ఆవిడ అక్క మొగుడు. ఎదురుగా ఉంటే అన్నయ్యా అంటాను. ఇక్కడ మాత్రం హీరో అనే రాస్తాను. నా డైరీ, నా ఇష్టం.

గేటు ముందు ఆపాడు గానీ లోపలికి రాలేదు. ముందు చక్రం పక్కన గొంతుక్కూర్చుని, రా రా అని సైగ చేశాడు. వెళ్ళి చూద్దును కదా, వీల్ సందుల్లోంచి ఎర్రగా మెరిసిపోతోంది. కాలిపర్. బ్రేక్ నొక్కితే చక్రంతో పాటు తిరిగే డిస్కుని పిడికిలితో పట్టినట్టు పట్టుకునేది అదే. కంపెనీవి పీకేసి, రెండేసి పిస్టన్లున్న పెద్దవి వేశాడట. మెకానిక్ కూడా లేడట. వీడియోలు చూసి తనే బిగించాడట. ఒక్కసారి నడిపి చూడు తమ్ముడూ, పెడల్ వెన్న, వెన్నంటే వెన్న అన్నాడు.

వీధి చివరిదాకా నడిపాను. నిజంగానే వెన్న. కాలు ఇలా ఆనిస్తే అలా దిగిపోతోంది. నా కారు పెడల్ గట్టిగా, మోటుగా ఉంటుంది. ఇద్దరిదీ ఒకే మోడల్, ఒకే ఏడాది కొన్నాం. వాడిది తెలుపు. నాది, తక్కువకి వస్తోందని తీసుకున్న మట్టి రంగు.

బాగుంది అన్నయ్యా అన్నాను. తాళాలు వాడి చేతిలో పెట్టేశాను.

మా ఆవిడ వాకిట్లోంచే, మా బావ ఏం చేసినా ఒక పద్ధతి ఉంటుంది అంది. మా అమ్మాయి పెదనాన్న కారెక్కి కూర్చుని దిగనంది. చేపల కూర ఎలా ఉందో నాకు గుర్తు లేదు.

జూన్ 3, సోమవారం

నాకు బ్రేకులు నిజంగానే కావాలి. కుళ్ళుతో అనడం లేదు. నాది కుళాయిలు, బాత్రూమ్ టైల్స్ షాపు. డిక్కీలో ఎప్పుడూ టైల్స్ పెట్టెలు ఉంటాయి, షాపు ముందేమో దిగుడు రోడ్డు. బరువుతో దిగేటప్పుడు గుండె నోట్లోకి వస్తుంది.

సరే, కొంచెం కుళ్ళు కూడా ఉంది.

కొత్త జత ధర అడిగితే స్పేర్ పార్ట్స్ షాపువాడు ఫోన్లో చెప్పిన దానికి కారే ఇంకోటి వచ్చేలా ఉంది. మన కంపెనీదే పెద్ద మోడల్ కాలిపర్లు తుక్కు యార్డులో దొరికితే మన కారుకి అతుకుతాయట. డిస్కులు కూడా పెద్దవి వేయాలి, వీల్ ఒక సైజు పెంచాలి. హీరో కూడా అదే చేసుంటాడు. ఎక్కడ కొన్నావు అన్నయ్యా అంటే, కాంటాక్ట్స్ ఉండాలి తమ్ముడూ అని నవ్వి ఫోన్ పెట్టేశాడు.

మా ఆవిడ వాళ్ళక్కని అడిగింది. వదిన టకీమని చెప్పేసింది. ఊరి బయట, లారీలు తూచే వేబ్రిడ్జి దాటాక ఎడమ చేతి వైపు యార్డు. అదీ ఆయన కాంటాక్టు.

జూన్ 6, గురువారం

యార్డుకి వెళ్ళాను. ఓనరు సోడాబుడ్డి కళ్ళద్దాలాయన. ఒక పెద్ద కారు ముందు, దానికి ఎదురుగా నిలబడి, ఇటుదీ అటుదీ విప్పించి, సుద్దముక్కతో ఒకదాని మీద ఎడమ, ఒకదాని మీద కుడి అని రాసిచ్చాడు. ఇంటి దగ్గర కన్‌ఫ్యూజ్ అవ్వకుండా అని తనే అన్నాడు. మంచి మనిషి అనుకున్నాను.

మొన్నీమధ్యే ఇంకొకాయన ఇదే రకం జత పట్టుకెళ్ళాడు, మీలాగే ప్రాణం తీసి బేరమాడాడు అన్నాడు. తెల్ల కారా అన్నాను. అవునన్నాడు. ఆయనకెంతకిచ్చావు అన్నాను. అది చెప్తే బాగుండదు సార్ అన్నాడు. ఆ ఒక్క మాటతో దారంతా నాకు మనశ్శాంతి లేదు. నాకంటే తక్కువకే కొట్టుకొచ్చి ఉంటాడు.

రబ్బరు సీల్ కిట్టు, ప్యాడ్లు, బ్రేక్ ఆయిల్ మాత్రం కొత్తవే కొన్నాను. వాటి దగ్గర పిసినారితనం పనికిరాదు. పెద్ద డిస్కులు, వీల్స్ కూడా యార్డువే. రంగు డబ్బా పసుపు తీసుకున్నాను. ఎరుపు కంటే దూరం నుంచి కనబడుతుంది.

జూన్ 9, ఆదివారం

షాపు వెనక గోడౌన్‌లో పొద్దున్నుంచీ ఇదే పని. విప్పడం, గీకడం, సీళ్ళు మార్చడం, రంగెయ్యడం. సుద్దతో రాసిన ప్రకారం ఎడమది ఎడమకి, కుడిది కుడికి బిగించాను.

తర్వాత బ్రేక్ ఆయిల్ గొట్టంలోంచి గాలి తీయాలి. దానికి ఇద్దరు కావాలి. ఒకరు పెడల్ నొక్కి పట్టుకుంటే, ఇంకొకరు కాలిపర్ మీద నిపిల్ అనే బుల్లి బోల్టు వదులు చేసి గాలి వదిలి బిగించాలి. మా ఆవిడని కూర్చోబెట్టాను. నొక్కు అంటే వదిలింది, వదులు అంటే నొక్కింది. మీరు అరవకుండా చెప్తే నాకు అర్థమవుతుంది అంది. అరవట్లేదు, కారు కింద ఉన్నాను అన్నాను. బావ ఒక్కడే చేసుకున్నాడట కదా అంది. ఆ తర్వాత నిజంగానే అరిచాను.

చివరికి అయింది. పెడల్ నొక్కి చూశాను.

వెన్న!

అచ్చం వాడిదిలాగే. చిన్నపిల్లాడిలా ఎగిరి గంతేశాను. సందులోకి తీశాను, దిగుడు రోడ్డు మీదకి తిప్పాను, మెల్లిగా బ్రేక్ నొక్కాను. కాలు పోయి నేలకి తగిలింది. కారు పోతూనే ఉంది. హ్యాండ్ బ్రేక్ లాగేలోపు షాపు ముందు షోకి పెట్టిన తెల్ల కమోడ్ రెండు ముక్కలైంది.

పక్క షాపు టైలర్ బయటికొచ్చి, అంత అర్జెంటా అండీ అన్నాడు.

జూన్ 11, మంగళవారం

నిన్నంతా మళ్ళీ మళ్ళీ గాలి తీశాను. ఆయిల్ డబ్బా ఖాళీ. పెడల్ అంతే.

ఈరోజు ఒక కస్టమరమ్మ ఫోన్ చేసి, మీ దగ్గర కొన్న షవర్ బుసలు కొడుతోంది, నీళ్ళు రావట్లేదు అని తగులుకుంది. రోజూ చెప్పే పాటే చెప్పాను. పైపులో గాలి పట్టిందమ్మా, గాలి ఎప్పుడూ పైకే చేరుతుంది, కింద కుళాయి తిప్పితే పోదు, మేడమీద అన్నిటికంటే పైనున్నది తిప్పండి అని.

ఫోన్ పెట్టేసి గోడౌన్‌లోకి పరిగెత్తాను. టార్చ్ వేసి చూశాను. రెండు కాలిపర్లకీ నిపిల్ కింది వైపుంది. గాలేమో పైన కూర్చుని నన్ను చూసి నవ్వుతోంది.

సోడాబుడ్డి కారుకి ఎదురుగా నిలబడి రాశాడు. ఆయన ఎడమ, కారుకి కుడి. నేను కూడా ఆయన పక్కనే నిలబడ్డాను. నాకూ తట్టలేదు. అటుదిటు, ఇటుదటు మార్చాను. నిపిల్స్ పైకొచ్చాయి. మా ఆవిడ నొక్కింది, బుడగలు బుడబుడమని వచ్చాయి. పెడల్ గట్టిపడింది. డిక్కీ నిండా టైల్స్ వేసి దిగుడులో నొక్కితే మేకు కొట్టినట్టు ఆగింది.

జూన్ 12, బుధవారం

అంటే హీరో పెడల్ వెన్న కావడానికి కారణం.

జూన్ 13, గురువారం

అబద్ధం ఎందుకు, ఇంత సంతోషంగా ఈమధ్య ఎప్పుడూ లేను. అదే యార్డు, అదే సోడాబుడ్డి, అదే సుద్దముక్క. వాడి కాలిపర్లలో గాలుంది. ఆ గాలి చూసుకునే ఇన్నాళ్ళూ మిడిసిపడ్డాడు. పొద్దున ఈల వేస్తూ గడ్డం గీసుకున్నాను. ఏంటి విశేషం అంది మా ఆవిడ. ఏం లేదన్నాను.

ఎప్పుడు చెప్పాలి, ఎవరెవరి ముందు చెప్పాలి అని ప్లాన్ చేస్తున్నాను. మామగారు కూడా ఉంటే బాగుంటుంది.

జూన్ 17, సోమవారం

ప్లాన్ తగలబడ్డట్టే. వదిన ఫోన్ చేసింది. ఈ ఆదివారం వాళ్ళు పిల్లలతో కొండ మీది సరస్సుకి పోతున్నారట. మమ్మల్నీ రమ్మంది. ఆదివారం నాకు టైల్స్ లోడు దిగుతుంది, కుదరదన్నాను. అప్పుడు వెలిగింది నాకు. ఆ కొండ దిగేటప్పుడు అన్నీ మలుపులే. కారు నిండా మనుషులు. ఆ పెడల్.

హీరోకి ఫోన్ చేశాను. విషయం మొత్తం విడమరిచి చెప్పాను. నిపిల్, గాలి, సుద్ద, అన్నీ. ఓపిగ్గా విన్నాడు. విని, నవ్వాడు. తమ్ముడూ, నీది గట్టిగా ఉంది కాబట్టి నాది మెత్తగా ఉండకూడదా అన్నాడు. ఇన్ని రోజులూ నడుపుతున్నాను, ఊళ్ళో ఎక్కడైనా ఆగలేదా అన్నాడు. కమోడ్ సంగతి నాకు తెలుసులే అని కూడా అన్నాడు.

మా ఆవిడకి చెప్పాను. ఆవిడ చేస్తున్న పని ఆపలేదు. ఆ ఎర్రరంగు చూసిన రోజు నుంచీ మీకు నిద్ర లేదు, ఇప్పుడు పాపం బావ ప్రయాణం కూడా చెడగొట్టాలా అంది. వదినకి ఫోన్ చేసి చెప్తే, మరిదిగారూ మీరు మరీనూ అని నవ్వేసింది.

తప్పు వాళ్ళది కాదు. ఇన్నాళ్ళూ నా మొహం మీద ఏముందో అందరూ చదివేశారు. ఇప్పుడు నిజం చెప్పినా అదే కనబడుతోంది.

జూన్ 20, గురువారం

రెండు రోజులు వాడి మీద కోపంతో ఊరుకున్నాను. పోతే పోనీ అని ఒకసారి అనుకున్నాను కూడా. చిన్నాడు గుర్తొచ్చాడు. హీరో రెండో కొడుకు. బాబాయ్ అనడం రాక బాబా అంటాడు నన్ను.

సాయంత్రం వాడింటికి వెళ్ళాను. బతిమాలాను. అన్నయ్యా, ఆదివారం లోడు వస్తోంది, నా డిక్కీ సరిపోదు, పైగా నా కారు ఎక్కితే కస్టమర్లు చులకనగా చూస్తున్నారు, ఒక్క రోజు నీ కారిస్తావా, నువ్వు నాది తీసుకెళ్ళు అన్నాను. రెండూ ఒకే మోడల్. డిక్కీ ఒకటే సైజు. ఆ మాట వాడికి తట్టనేలేదు. కస్టమర్ల దగ్గరే ఆగిపోయాడు.

వాడి ఛాతీ పొంగింది. తీసుకో తమ్ముడూ, కానీ గీత పడకూడదు అన్నాడు. మట్టి రంగు కారుతో పిల్లల ఫొటోలు బాగా రావేమో అని కూడా అన్నాడు. పళ్ళు కొరుక్కుని థాంక్స్ అన్నయ్యా అన్నాను.

మా బావ మనసు చూశారా అంది మా ఆవిడ.

జూన్ 23, ఆదివారం

పొద్దున్నే వాళ్ళు నా కారులో వెళ్ళిపోయారు. తెల్ల కారుని ఫస్ట్ గేర్‌లో, హ్యాండ్ బ్రేక్ మీద చెయ్యేసి గోడౌన్‌కి తెచ్చాను. రెండు సార్లు పెడల్ నేలకి తగిలింది.

చక్రం విప్పగానే కనబడింది. నిపిల్ కిందకే ఉంది. రంగు మాత్రం నాకంటే శుభ్రంగా వేశాడు. ఒక్క చుక్క కారలేదు. అది కూడా రాయాలి కదా.

అటుదిటు మార్చాను. మా ఆవిడని పెడల్ దగ్గర కూర్చోబెట్టాను. నేనేం చెప్పలేదు. ఆవిడే నొక్కింది. ఏవండీ, ఇది దిగిపోతోంది అంది. నిపిల్ కింద పెట్టిన ఆయిల్ సీసాలో బుడగలు చూపించాను. వస్తూనే ఉన్నాయి. ఆ తర్వాత నొక్కమంటే నొక్కింది, వదలమంటే వదిలింది. ఒక్కసారి కూడా తప్పలేదు. పని అయ్యాక, అక్కకి చెప్పెయ్యనా అంది. వద్దన్నాను. చెప్తే వాడు పంతానికి మళ్ళీ విప్పుతాడు.

సాయంత్రం వచ్చారు. వదిన దిగుతూనే చెప్పింది. కొండ దిగేటప్పుడు మలుపులో లారీ మీదకి వచ్చేసిందట. ఆయన ఒక్క నొక్కు నొక్కారు మరిదిగారూ, అక్కడికక్కడ ఆగింది, చిన్నాడు నిద్ర కూడా లేవలేదు అంది. అందరూ హీరో డ్రైవింగ్‌ని మెచ్చుకున్నారు. మామగారు ఫోన్లో మెచ్చుకున్నారు. మా అమ్మాయి చప్పట్లు కొట్టింది.

హీరో తన కారెక్కి పెడల్ నొక్కాడు. మొహం మారిపోయింది. దిగొచ్చి, ఏం చేశావు తమ్ముడూ, టైల్స్ కుక్కి బండబార్చేశావు, నా వెన్నంతా పోయింది అన్నాడు. నేను నోరు తెరిచేలోపు మా ఆవిడ అందుకుంది. బరువు ఎక్కువేశారు బావా, ఈయనకి ఎంత చెప్పినా వినరు, ఏమీ అనుకోకండి అంది.

సారీ అన్నయ్యా అన్నాను.

వాళ్ళు వెళ్ళాక మా ఆవిడ నా చేతికి నల్లగా అంటుకున్న గ్రీజు తన కొంగుతో తుడిచింది. మంచి చీర అది. నా బ్రేకులకి దక్కాల్సిన పేరు వాడికి దక్కిందని మాత్రం ఇంకా మండుతూనే ఉంది.

జూన్ 24, సోమవారం

పొద్దున కారెక్కితే పెడల్ అందలేదు. వాడివి పొడుగు కాళ్ళు. సీటు ముందుకి జరుపుకున్నాను. అద్దం కూడా వాడి ఎత్తుకే తిప్పి ఉంది. అందులో వెనక రోడ్డు లేదు, వెనక సీటు కనబడింది. సీటు మీద చిన్నాడి చెప్పు ఒకటి.

అద్దం తిప్పుకోలేదు. షాపుదాకా అలాగే నడిపాను.