కన్ను పెట్టని పక్షులు

సలాం అబ్బా,

నువ్వు వెళ్లి ఎనిమిది నెలలైంది. ఎలా ఉన్నావని అడగకూడదేమో... అయినా అడుగుతున్నాను.

ఇంట్లో మనం మాట్లాడుకున్నది ఉర్దూ. అది రాయడం నీకూ రాలేదు, నీ కూతురికీ రాలేదు. అంగట్లో పనిలో కూర్చుంటే నీ నోట తెలుగే వచ్చేది కదా, అందుకే తెలుగులో రాస్తున్నాను.

నీ పక్షుల సంగతి చెప్పాలి. పులికాట్ ఒడ్డున గెస్ట్‌హౌస్ నడిపే శ్రీనివాసులుగారు పన్నెండు రేకు ఫ్లెమింగోలు అడిగితే, ఏడు చేసి వెళ్లిపోయావు. మిగతా ఐదూ నేను చేశాను. మిద్దె మీద నువ్వు ఎండకు పడేసిన ఎర్ర నూనె డబ్బాలు రెండు వేసవులకు వెలిసి, నువ్వు చెప్పిన గులాబీ రంగుకే వచ్చాయి. "రంగు మనమెందుకు పుయ్యాల పాపా? ఎండ పూస్తాది, ఓపిక పట్టు" అనేవాడివి. ఆ డబ్బాలకున్న ఓపిక కూడా నాకు లేదని నీకు తెలుసు.

కాళ్లకు పాత గొడుగు కమ్మీలే వాడాను. మెడ వంపు మాత్రం నాలుగుసార్లు పాడు చేశాను. నేను తప్పు చేస్తే నువ్వు కత్తెర లాక్కునేవాడివి కాదు, పక్కకు తిరిగి దగ్గేవాడివి. ఆ దగ్గు వింటే చాలు, తప్పెక్కడో తెలిసిపోయేది. ఇప్పుడెవరు దగ్గుతారు?

ఇక అసలు తప్పు చెబుతాను. కోప్పడవు కదా...

పని పూర్తి కానిదే నువ్వు ఎవరికీ చూపించేవాడివి కాదు. అందుకే పన్నెండూ అయ్యాకే ఫొటోలు పంపాను. పక్షులు బాగున్నాయి గానీ కళ్లేవని శ్రీనివాసులుగారు ఫోన్ చేశారు. చూసేవాళ్లు గుడ్డి పక్షులంటారట. కళ్లు పెట్టకపోతే వద్దన్నారు.

భయపడ్డాను అబ్బా. నీ చేతి ఆఖరి పని మన అటక మీదే తుప్పు పట్టిపోతుందేమోనని. "ప్రాణం పోసేది పైవాడు, రేకు కత్తిరించేది మనం. కన్ను పెట్టి ఆయన పనిలో యాల దూరేది?" అని నువ్వు ఎన్నిసార్లు అనలేదు? అన్నీ గుర్తుండి కూడా మేకు తీసుకుని చిల్లు కొట్టాను. నా పక్షులకు కాదు, నువ్వు చేసిన మొదటిదానికి. దానికే ఎందుకు కొట్టానో...

కొట్టగానే అది నీది కాకుండా పోయింది.

చాలాసేపు దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. తర్వాత లేచి, కళాయికి వాడే నీ నవాసాగరం డబ్బా దించాను. కళాయి పని నువ్వు నాకు నేర్పలేదు. "స్టీలు వచ్చినంక ఇత్తడి గిన్నెలకు కళాయి ఎవురు పూయించుకుంటారు పాపా? ఈ పని నాతోనే పోనీ" అన్నావు. కానీ పదేళ్లు నీ పక్కన కూర్చుని కొలిమి తిత్తి ఊదింది నేనే కదా. చిల్లు వెనక చిన్న రేకు బిళ్ల పెట్టి, వేడి చేసి, నవాసాగరం చల్లి, నీ చివరి తగరం ముక్క కరిగించి దూదితో రుద్దాను. ఒక్కసారికే పట్టింది. నా చేతులకు ఇదంతా ఎప్పుడు నేర్పావు?

ఆ తెల్లపొగ వాసనకు ఏడుపు ఆగలేదు. అంగడంతా నువ్వే ఉన్నట్టనిపించింది.

మర్నాడే పన్నెండింటినీ కళ్లు లేకుండానే వ్యాన్‌లో గడ్డి పరిచి ఎక్కించాను. పూతలపట్టు దాటేదాకా వెనక్కి చూస్తూనే ఉన్నాను. వద్దంటే వెనక్కి తెచ్చుకుంటానని ఒప్పించి వాటిని ఒడ్డున నాటించి, శ్రీనివాసులుగారిని ఒకప్పుడు నువ్వూ నేనూ కూర్చున్న కట్ట మీదికి తీసుకెళ్లాను. ఆ రోజు నువ్వన్నదే ఆయనకు చెప్పాను. "ఈడ నుంచి సూడు, ఏ పిట్టకైనా కన్ను కనబడతా ఉండాదా? కనబడిందే సేస్తే సాలు." నీళ్లలో నిజం పక్షులు, ఒడ్డున మనవి. ఆయన అటూ ఇటూ చాలాసేపు చూశారు. కళ్ల మాట మళ్లీ ఎత్తలేదు. పక్షులు అక్కడే ఉండిపోయాయి అబ్బా.

ఒకదాని తల మీద మాత్రం తగరం మచ్చ ఉంది, చుట్టూ రంగు కాస్త కాలింది. అది నా తప్పు. దాచలేదు.

ఆడపిల్ల చేతికి కత్తెర ఇచ్చావని మనవాళ్లు నిన్ను ఎన్నెన్ని మాటలన్నారో ఇప్పుడిప్పుడే ఒక్కొక్కరూ చెబుతున్నారు. ఒక్కటైనా ఇంటిదాకా తేలేదే నువ్వు! షుక్రియా అబ్బా. నువ్వుండగా ఈ మాట ఒక్కసారీ అనలేదు నేను.

ఇంకో సంగతి. చిల్లు పూడ్చిన రోజు ఆ పొగ చూసి ఎదురింటి సరోజమ్మ పరుగున వచ్చింది. ఎవరనుకుందో ఏమో, నన్ను చూసి గడప దగ్గరే ఆగిపోయింది. నేను పులికాట్ నుంచి తిరిగొచ్చేసరికి వాళ్లమ్మ నాటి ఇత్తడి గిన్నె తెచ్చింది. లోపల కళాయి మొత్తం పోయింది. గురువారం రమ్మన్నాను.

ఈ పని నీతో పోలేదు. నా చేతులు ఆడినన్నాళ్లూ పోనివ్వను.

ఇవాళ గురువారం. కొత్త తగరం తెచ్చి పొయ్యి ముట్టించాను. తప్పు చేస్తే దగ్గు...

నీ నసీమా