నా మందు, నలుగురి కడుపులు

మార్చి 3, సోమవారం
నా గొంతు చిన్నది. కడుపులో మంట అని రెండేళ్లుగా చెబుతున్నాను, ఇంట్లో ఎవరికీ వినపడలేదు. మొన్న డాక్టరమ్మ కూడా మూడుసార్లు "ఆఁ?" అంది. చివరికి, "నోటితో చెప్పలేకపోతే రాయండమ్మా. మందు వేసుకున్నారో లేదో, ఎలా ఉందో, రోజూ రాసుకోండి" అంది. అందుకే యాభయ్యో ఏట కలం పట్టాను.

సంగతి ఇదీ. లోపలికి గొట్టం వేసి చూశారు. కడుపులో పుండు. కారణం టీ కాదట, దిగులు కాదట, నా ఖర్మ అసలే కాదట. ఒక బాక్టీరియా. యాసిడ్ మధ్యలో కూడా హాయిగా కాపురం చేసే రకం.

"వదిలేస్తే పుండు నుంచి రక్తం కారుతుందమ్మా. మందు పద్నాలుగు రోజులు. ఒక్క పూట కూడా మానొద్దు. మధ్యలో ఆపితే మెత్తవి చస్తాయి, మొండివి మిగులుతాయి. తర్వాత ఈ మందుకి లొంగవు."

పొద్దున తినకముందు యాసిడ్ తగ్గించే క్యాప్సూల్. తిన్నాక రెండు రకాల యాంటీబయాటిక్‌లు. రాత్రికీ అంతే.

దేవుడి ముందు నిలబడి మాటిచ్చాను, ఒక్కటి కూడా తప్పనని. వాటికీ ప్రాణం ఉంది స్వామీ, చంపక తప్పడం లేదు, క్షమించు అని కూడా చెప్పుకున్నాను. మంచి ఆరంభం!

మార్చి 4, మంగళవారం
నోట్లో ఇనప మేకు పెట్టుకున్నట్టు రుచి. ఫరవాలేదు.

నేను పరదాలు కుట్టే దుకాణంలో పనిచేస్తాను. పక్క బల్ల మీద గుడ్డ కత్తిరించే ఆవిడని అందరం కత్తెర అంటాం. ఆమె నోరు కూడా అంతే.

"ఏంటక్కా, మొహం అలా పెట్టావు?"

"మందు చేదు."

"మొగుడికంటేనా?"

నవ్వాను. దేవుడు మన్నించాలి.

మార్చి 6, గురువారం
వదిన నా మందుల డబ్బా చూశారు. వదినంటే మా ఆయన అక్కగారు, ముందు గదిలో ఉంటారు. మా ఇంట్లో వంట నాది, రుచి చూడడం ఆవిడది. గరిటె నాలుకకి ఆనించి, పెదవి విరిచి, అదే గరిటె మళ్లీ గిన్నెలో పెట్టేస్తారు. ఈ బాక్టీరియా ఎంగిలి వల్ల కూడా ఒకరి నుంచి ఒకరికి అంటుకోవచ్చని డాక్టరమ్మ చెప్పింది. అదే వదినకి చెప్పాను. వినపడలేదు.

ఆవిడ మాట మాత్రం వీధి దాకా వినపడింది. "నాకూ అదే మంట అమ్మాయ్! ఆ క్యాప్సూల్ ఒకటి ఇటు పడెయ్."

ఎదురుగా మనిషి బాధపడుతుంటే మూత పెట్టుకుని నేనొక్కదాన్నే మింగనా? ఏది తిన్నా పక్కవాళ్లకి పెట్టి తినమని మా అమ్మ నేర్పింది. ఇచ్చాను. ఒక్కటే. రాత్రికి ఇంకొకటి.

మార్చి 8, శనివారం
మా ఆయనకి పన్ను పోటు.

"ఏమేవ్, నీ దగ్గరున్నది యాంటీబయాటికే కదా? మళ్లీ డాక్టరు దగ్గర పడిగాపులు పడడం ఎందుకు?"

గుప్పెడు తీసుకున్నారు. డబ్బా అడుగు కనపడుతోంది. ఏం కాదు, నేను రెండు పూటల బదులు ఒక పూట వేసుకుంటాను. పొద్దున మింగింది లోపలే ఉంటుంది కదా, ఎక్కడికి పోతుంది?

మార్చి 10, సోమవారం
కత్తెరకి జలుబు. ఆమె అడగలేదు. తుమ్మింది, అంతే. ఇచ్చాను.

మార్చి 11, మంగళవారం
మంట లేదు! అసలు లేదు! పొద్దున ప్రార్థనలో కళ్లు చెమర్చాయి. దేవుడే నయం చేశాక ఇంకా మందు మింగితే ఆయన మీద నమ్మకం లేనట్టు కాదూ? పైగా ఈ మందుకి విరేచనాలు. పైగా దుకాణంలో ఏదో హోటల్ వాళ్ల పరదాలు గుట్టగా పడి ఉన్నాయి, మాటిమాటికీ లేస్తే ఎలా?

మిగిలినవన్నీ వదిన డబ్బాలో పోశాను.

"నీ చేతి మందు మంచిదమ్మాయ్" అన్నారు.

పెళ్లై ఇన్నేళ్లలో నా చేతిది ఏదైనా ఆవిడ మెచ్చుకోవడం ఇదే మొదలు. ఆ మాటకి ఇంకో డబ్బా ఉన్నా ఇచ్చేసేదాన్ని.

మార్చి 25
రాయడానికేమీ లేదు. పూర్తి ఆరోగ్యం. కొంచెం మంట. టీ వల్ల.

ఏప్రిల్ 2
మంట. పరదాల దుమ్ము వల్ల.

ఏప్రిల్ 9
మంట. కోపం వల్ల అయి ఉంటుంది. నాకు కోపం రాదు. రాకపోవడం వల్లనేమో.

ఏప్రిల్ 17, గురువారం
(ఇది ఆసుపత్రి మంచం మీద రాస్తున్నాను.)

మిషను దగ్గర కళ్లు తిరిగి తెల్ల పరదా మీద తల వాల్చేశాను. రెండు రోజులుగా విరేచనం తారులా నల్లగా వెళుతోంది. సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు. ఇక తప్పక కత్తెర చెవిలో చెప్పాను. ఆమె ఎకసెక్కెం ఆడలేదు. నాకప్పుడు భయమేసింది. బండి పిలిచి, నన్ను ఎక్కించి, దారంతా నా చెయ్యి వదల్లేదు.

ఏప్రిల్ 19, శనివారం
పుండు నుంచి రక్తం కారిందట. గొట్టంతోనే లోపల వైద్యం చేసి ఆపారు. ఇవాళ డాక్టరమ్మ వచ్చి మంచం పక్కన కూర్చుంది.

"బాక్టీరియా ఇంకా బతికే ఉందమ్మా. మందు మొత్తం వేసుకున్నారా?"

"వేసుకున్నామండీ."

"వేసుకున్నామా? ఎవరెవరు?"

చెప్పాను. వదిన గరిటె దగ్గర్నుంచి కత్తెర తుమ్ము దాకా. ముందు నవ్వింది. తర్వాత కళ్లద్దాలు తీసేసింది.

"యాంటీబయాటిక్ పెళ్లి మిఠాయి కాదమ్మా, తలా ఒకటి పంచడానికి. పడనివాళ్లుంటే వాళ్ల ప్రాణం మీదకి వచ్చేది. నలుగురు మింగారు, ఒక్కరికీ నయం కాలేదు. మీరు ఆ బాక్టీరియాకి మందు రుచి చూపించి వదిలారు, మీ వదినగారు కూర రుచి చూసినట్టు."

సాయంత్రం వదిన చూడడానికి వచ్చారు.

"నువ్వు సరిగ్గా వేసుకుని ఉండవు అమ్మాయ్. నన్ను చూడు, ఎలా తగ్గిపోయిందో!"

అంటూనే ఒక చేత్తో పొట్ట నొక్కుకుంటున్నారు.

ఏప్రిల్ 21, సోమవారం
మళ్లీ మొదటి రోజు. ఇంట్లోనే.

పాత మందు పనికిరాదట. ఈసారి నాలుగు రకాలు, రోజంతా మింగడమే పని. నాలుక నల్లబడుతుంది, భయపడొద్దన్నారు. పద్నాలుగు రోజులు. అయ్యాక నెల దాటనిచ్చి, సంచీలోకి ఊపిరి ఊదే పరీక్ష. బాక్టీరియా ఉందో పోయిందో ఆ ఊపిరే చెబుతుందట.

దేవుడికి కొత్తగా మాటిచ్చాను. పాతది నేను గుర్తుచేయలేదు, ఆయనా అడగలేదు.

డబ్బా తెరిచానో లేదో వదిన వచ్చారు.

"ఆ గులాబీ రంగుది దేనికి అమ్మాయ్?" చెయ్యి అప్పటికే చాపి ఉంది.

"ఇవ్వను వదినా."

"ఆఁ?"

"ఇవ్వను. రేపు మిమ్మల్ని డాక్టరమ్మ దగ్గరకి తీసుకెళతాను, పరీక్ష చేయిద్దాం. ఇది మాత్రం ఇవ్వను."

గట్టిగానే అన్నానేమో, స్నానాల గదిలోంచి మా ఆయన సబ్బు నురగతో తల బయటపెట్టి చూశారు. వదిన మూతి ముడుచుకుని పొయ్యి దగ్గరకి వెళ్లి గరిటె అందుకున్నారు. వెనకాలే వెళ్లి ఆవిడ చేతిలో వేరే చెంచా పెట్టాను.

ఈ పూటవి మొత్తం నేనే మింగాను. అద్దంలో నాలుక చూసుకున్నాను. ఇంకా నల్లబడలేదు. మంచి ఆరంభం!

ఈ కాగితాలు ఎవరికైనా దొరికితే దయచేసి దాచి ఉంచండి, చూపించకండి. ముఖ్యంగా వదినకి. చదివారంటే, "నాకూ అచ్చం ఇలాగే ఉంది అమ్మాయ్" అని సగం చింపుకుపోతారు.