పంతొమ్మిది పేర్లు

ఖమ్మం,
జూలై 16

దీవెనా,

ఫోన్‌లో చెబితే నువ్వు మధ్యలోనే ఊరడిస్తావు. ఇవాళ నాకు ఊరడింపు వద్దు. అందుకే రాస్తున్నాను.

పొద్దుటి నుంచి ప్రెస్సులో పనే. లైబ్రరీకి పంపాల్సిన పార్సిల్ కట్టాను. ఫాంటు మార్చేసరికి ఓ కవిగారి పుస్తకంలో ఒత్తులన్నీ ఎగిరిపోతే, కూర్చుని ఒక్కొక్కటే దిద్దాను. పక్క టీకొట్టులో టీవీ మోగుతూనే ఉంది. ఎక్కడో సముద్రం మీద ఓడలు ఆగిపోయాయట. ఎక్కడో భూమి కంపించిందట, ఇంకెక్కడో శాంతి చర్చలు మళ్లీ చెడిపోయాయట. లోకం అట్లా ఉంటే నాకు ఈ ఒత్తుల గోల ఏమిటనిపించింది. అయినా దిద్దుతూనే ఉన్నాను.

మధ్యాహ్నం ఏన్కూరు దగ్గరి తండా నుంచి సోమ్లి అవ్వ వచ్చింది, మనవరాలు కవితను వెంటబెట్టుకుని. నలభై ఏళ్లు పురుళ్లు పోసిన మనిషి. ఆమె చెబుతుంటే కవిత నోట్‌బుక్కులో రాసింది. నేను అచ్చు వేస్తున్నది ఆ పుస్తకమే. అవ్వకు చదువు రాదు కనుక ప్రూఫు నేనే చదివి వినిపించాను. సగంలో ఉండగా టీవీలో ఒక వార్త వచ్చింది. యుద్ధం జరుగుతున్న దేశంలో ఆసుపత్రి మీద బాంబు పడిందట, పురిటి వార్డు మీద. పదకొండు మంది పసిపిల్లలు పోయారట. అవ్వ చెయ్యెత్తి నన్ను ఆపింది.

"వాళ్లకు పేర్లు పెట్టిర్రా సారూ?"

తెలియదన్నాను. లెక్క ఒక్కటే చెబుతున్నారన్నాను. చివరి పేజీ దాకా చదివి కాగితాలు సర్దాను. ఆమె కదల్లేదు.

"నా పిల్లలేరి?" అంది.

చివరి అధ్యాయం ఆమె చేతుల్లో పోయిన పంతొమ్మిది మంది పసివాళ్లది. కన్నవాళ్లు పేరు పెట్టకముందే పోయిన బిడ్డలకు ఆమే పేరు పెట్టుకుంది. పేరు, ఊరు, ఏ కాలంలో పుట్టారో, అంతే. ఆమెను అడక్కుండా నేను దాన్ని తీసేశాను. పేజీలు ఎక్కువయ్యాయని, చదివేవాళ్లు విసుగుపడతారని చెప్పాను.

"వాళ్లు బతికిందే గడియసేపు. పేరు చదవనీకి ఎంతసేపు పడ్తది?"

కోపంగా అనలేదు. నోట్‌బుక్ తీసుకొమ్మని కవితతో చెప్పి, పుస్తకం వద్దని నాతో చెప్పి, వెళ్లిపోయింది.

పేజీల మాట అబద్ధం, దీవెనా. ఆ పేర్లు నేను చదవలేకపోయాను. మూడో పేరు దగ్గరే ఆగిపోయాను. నాలుగేళ్ల కిందట మన పాప భద్రాచలంలో పుట్టి రెండు గంటలే బతికిన రోజు, మెషీన్ మీద ఏదో పుస్తకం కవరు అచ్చవుతోందని, అందుకే రాలేకపోయానని నీతో అన్నాను. కవరేమీ లేదు. ఖమ్మం బస్టాండులో కూర్చున్నాను. భద్రాచలం బస్సులు నాలుగు నా ముందు నుంచే పోయాయి. ఎక్కితే పాపను చూడాలి. చూడలేననిపించింది. సాయంత్రం నేను వచ్చేసరికి మీ అన్న జస్టిన్ పూడ్చిపెట్టి వచ్చాడు.

ఇది మోసీ మోసీ అలసిపోయాను. నన్ను ఏమన్నా అను.

నీ
జోయెల్

భద్రాచలం,
జూలై 19

ఏమండీ,

మీ ఉత్తరం డ్యూటీలో ఉండగానే చదివాను. గోదావరి పెరుగుతోందని మా నర్సులెవరికీ తీరిక లేదు. అయినా రెండుసార్లు చదివాను.

మీరు బస్టాండులో ఉన్నారని నాకు ఆ రోజే తెలుసు. అన్న మధిర నుంచి వస్తూ ఖమ్మంలో బస్సు మారాడు. బెంచీ మీద మిమ్మల్ని చూశాడు, పిలిచాడు. మీరు వినలేదట. "బావను ఏం అడగకు చెల్లే, ఆయనే చెప్తడు" అన్నాడు. అడగలేదు. నాలుగేళ్లు ఎదురుచూశాను. కోపం ఎప్పుడో పోయింది. ఎదురుచూడటమే మిగిలింది.

పై ఆదివారానికి సెలవు దొరికింది. ఇద్దరం తండాకు పోయి సోమ్లి అవ్వను నోట్‌బుక్ అడుగుదాం. ఇవ్వనంటే తిరిగి వద్దాం, అది ఆమె ఇష్టం. ఇస్తే ఆ పేర్లు ఆమె ముందు నేను చదువుతాను. మీరు పక్కన కూర్చుంటే చాలు.

ఇంకొకటి. పాపకు నేను పేరు పెట్టాను. ఆ రెండు గంటలూ ఆ పేరుతోనే పిలిచాను. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఉత్తరంలో రాయను. మీరు నా ఎదురుగా కూర్చుని అడగండి, చెబుతాను.

మీ
దీవెన