అక్షరాలు లేని కోడి పుస్తకం

డిసెంబరు 25, తిరుత్తణి

బడిలో చేరినప్పటి నుంచి మనవరాలు లీనా నాకు తమిళంలోనే బదులిస్తోంది. అందుకే క్రిస్మస్ కానుకగా తెలుగు బొమ్మల పుస్తకం ఇద్దామని తిరువళ్ళూరంతా వెతికాను. దొరకలేదు. చివరికి అట్ట మీద కోడి బాగుందని ఒకటి తెచ్చాను. ఇవాళ విప్పితే లోపల ఒక్క అక్షరం లేదు. తెరిచి చూడకుండా కొన్నది నేనే.

"ఎళుత్తే లేదే అత్తా," అని కోడలు స్టెల్లా నవ్వింది.

లీనా వచ్చి నా ఒళ్ళో కూర్చుంది. "లేకపోతే ఏమి? నేను చెప్తా విను అవ్వా. కోడి సంతకు పోయినాది. వాన వచ్చినాది. గొడుగు యాడ?"

చివరి బొమ్మ దాకా తెలుగే. తమిళ అక్షరాలుంటే తమిళంలోనే చదివేది. 'వచ్చినాది' కాదు, 'వచ్చింది' అని దిద్దబోయి ఊరుకున్నాను. దిద్దితే మళ్ళీ తమిళంలోకి వెళ్ళిపోతుందేమో.