మంచం దిగితేనే అందే కార్డు

నాన్నా, నేను కులాసా, నా నడుమూ కులాసా.

నడుం నొప్పితో ఇక కుట్టలేనని మిషన్ అమ్మేస్తానన్నావట, అమ్మ చెప్పింది. తొందరపడకు, ముందు నా సంగతి విను. పోయిన నెల హైటెక్ సిటీ ఆఫీసులో కింద పడ్డ పెన్ను తీయబోతే నడుం పట్టేసింది. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, దాని చక్రాల మీదే లిఫ్టుదాకా ఊరేగించారు. హారతి ఒక్కటే తక్కువ. హాస్టల్లో మంచమెక్కాక రూమ్మేట్ రోహిణి అన్నం కూడా తినిపించింది. వారం తిరిగేసరికి తుమ్మాలన్నా భయమే!

మూసాపేట డాక్టరమ్మ నన్ను వంచి, లేపి చూసి కసిరింది: "ఎముకలు మంచిగనే ఉన్నయ్. నీకు ఫికరే ఎక్కువైంది. గిట్లనే పండుకుంటే నిజంగనే పనికి రాకుండ అయితవ్. నొప్పున్నా రోజూ జరంత నడువు, ఆఫీసుకు పో!" మర్నాడు ఆఫీసుకని మెట్లు దిగుతుంటే నొప్పి పుట్టింది గానీ నడుం విరగలేదు నాన్నా. మన ఊరి డాక్టరూ నీకిదే చెప్పాడట కదా, నువ్వే వినలేదట.

పిల్లి ఈనిందా? నా ఆకుపచ్చ జాకెట్టు చేతులు బిగుతయ్యాయి, నువ్వే వదులు చెయ్యాలి.

కార్డు వచ్చిందని నీకు కబురు చెప్పమని, ఇంటికి మాత్రం తేవద్దని టీ బడ్డీ బుల్లిబాబు మామయ్యతో చెప్పి, ఆయన చిరునామాకే రాశాను. ఇది చదువుతున్నావంటే వీధి చివరిదాకా నడిచొచ్చావన్నమాట! టీ తాగు. పక్కనే నీ కొట్టు, లోపల నీ మిషన్. కొట్టు తాళంచెవి అమ్మ ముందే మామయ్య చేతికిచ్చి ఉంచింది. ఆవిణ్ణి కేకలెయ్యకు, ఆలోచన నాది.

నీకూ అమ్మకూ నా దండాలు.
సంయుక్త