ఎడమ వెనక చక్రం

షట్టర్లు బాగుచేసుకుని బతికే నేను, వయసు యాభై మూడు, చదువు ఏడో తరగతిలో సగం, నా బుద్ధితో నేనే ఆలోచించి, నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. మతి స్థిమితంగా ఉందని డాక్టరు రాసిచ్చిన కాగితం దీనికి జత చేశాను. స్థిమితం లేనిది గుండెకే. వచ్చే గురువారం దాన్ని విప్పి మళ్ళీ బిగిస్తారట. విప్పడం వచ్చిన ప్రతివాడికీ బిగించడం రాదని నా అనుభవం గనక ముందుగా ఈ జాగ్రత్త. నన్నెవరూ బలవంతపెట్టలేదు, ఎవరూ ఎగదోయలేదు. ఒకాయన మీద కోపం మాత్రం నిండా ఉంది. కోపంతో రాసినంత మాత్రాన వీలునామా చెల్లకుండా పోదని నోటరీ దగ్గర గుమాస్తాను అడిగి తెలుసుకున్నాను.

ఇంతకు ముందు నేను ఏ వీలునామా రాయలేదు. రాశానని ఎవరైనా ఒకటి తెచ్చి చూపిస్తే అది మా బావ రాసినది.

దీన్ని అమలు జరిపే బాధ్యత నా స్నేహితుడైన పెయింటరుది. రంగు వేసే ముందు రేకు రుద్దుతూ ఎప్పుడూ చేతిలో తడిగుడ్డతో ఉంటాడు గనక అందరూ అతన్ని తడిగుడ్డ అంటారు. ఆ గుడ్డతో ఇంతవరకూ ఎవరి గొంతూ కోయలేదు, అందుకే ఈ పని అప్పజెప్పాను. మా ఇంటి వెనక రేకుల షెడ్డులో, పగటిపూట, అందరూ వచ్చాక అతను దీన్ని పైకి చదవాలి. రావలసినవాళ్ళు: నా భార్య, మా అక్క, అక్క భర్త అనగా బావ, పాత బళ్ళ సంఘం అధ్యక్షుడు, పాత ఇనుము కొట్టాయన. బావకి చేతులున్న కుర్చీ వేయాలి. ఆయనకి దాని అవసరం పడుతుంది.

1. ఇల్లు, షెడ్డు, కింద వేరేగా రాసినవి పోగా షెడ్డులో సామాను, షట్టర్ల పని పనిముట్లు అన్నీ నా భార్యకు సర్వహక్కులతో చెందుతాయి. ఒంటరిదానివి, కాగితాలు నా దగ్గర దాచిపెట్టమ్మా అని బావ అనబోతారు. కాగితాలు ఆమె ఎక్కడ దాచిందో నాకే తెలియదు.

2. పాత ఇనుము కొట్టాయనకు, షెడ్డులో మూడో అరమీద ఉన్న డబ్బా. అందులో ఉన్నది రంపపు పొట్టు. పదేళ్ళ కిందట ఆయన నాకు అమ్మిన గేరుబాక్సు పిల్లిలా మెత్తగా తిరిగింది. ఇంటికి తెచ్చి విప్పితే పళ్ళు అరిగి మొండివై ఉన్నాయి, చప్పుడు రాకుండా నూనెలో పొట్టు కలిపి కూరారు. అడిగితే నవ్వి, తెలివిగలవాడు విప్పి చూసి కొంటాడు తమ్ముడూ అన్నాడు. నిజమే. ఆ పొట్టు ఒక్క పిసరు పోకుండా ఎండబెట్టి దాచాను. తెలివిగలవాడు విప్పి చూసుకోవచ్చు.

3. పాత బళ్ళ సంఘం అధ్యక్షుడికి, బానెట్ ఎత్తినప్పుడు కింద ఆన్చే ఇనప పుల్ల. దేనికి వాడతారో ఆయనకి తెలియకపోవచ్చు. బానెట్ ఎత్తితే గదా. మా బావకి కప్పు ఇచ్చేముందు ఒక్కసారి ఎత్తి, ఇదేమిటి అదేమిటి అని పక్కనున్నాయన్ని రెండు ప్రశ్నలు అడిగి ఉంటే నాకు ఇవాళ ఇంత సిరా ఖర్చయ్యేది కాదు.

4. మా అక్కకు, రబ్బరు బుడ్డి ఉన్న ఇత్తడి హారన్. మా నాన్న నన్ను బడి మాన్పించి షట్టర్ల పనిలో పెట్టినప్పుడు ఇంట్లో ఏడ్చింది ఒక్క అక్కే. తర్వాత రెండేళ్ళు తన పుస్తకాలు రోజూ సాయంత్రం నా ముందు పెట్టి, చదవరా గాడిదా అని చెవి మెలేసింది. ఈ మాత్రం రాయగలుగుతున్నానంటే ఆ మెలికే. అక్కా, హారన్ భోజనాల బల్ల పక్కన బిగించుకో. ఇంటికి వచ్చినవాళ్ళ ముందు బావ “ఆరేళ్ళు కష్టపడి” అని మొదలుపెట్టిన ప్రతిసారీ ఒక్కసారి నొక్కు. మాట్లాడాల్సిన పని లేదు. పాతికేళ్ళుగా నువ్వు మాట్లాడింది లేదు కూడా.

5. ఇప్పుడు బండి. ముందు అద్దం మడిచి బానెట్ మీద పడుకోబెట్టే రకం, నాలుగు చక్రాలూ లాగే పాత జీపు. ఇకమీదట ఈ కాగితంలో దాన్ని ముసలిది అంటాను. నా భార్య మాత్రం దాన్ని ఇనప సవతి అంటుంది.

మూతపడ్డ క్వారీలో నాలుగు రాళ్ళ మీద కూర్చుని ఉండగా దాన్ని చూశాను. చక్రాలు లేవు, అడుగు రేకు జల్లెడ, ఇంజనులో తుమ్మమొక్క. ఆరేళ్ళు పట్టింది. ఇది సరదాకి చేసిన పని. కొందరు పేకాడతారు, నేను తుప్పు గోకాను. దాన్ని నిలబెట్టాక ఊరవతల ఏటి ఇసుకలో తోలితే బురదపాములా జారుకుంటూ అవతలి గట్టెక్కింది.

పోయినేడు నిచ్చెన మీంచి పడి నడుము విరిగి మూడు నెలలు ఆసుపత్రి మంచం మీద ఉన్నాను. బావ చూడ్డానికి వచ్చి, “కదపకపోతే ఇంజను పట్టేస్తుందిరా, వారానికోసారి నేను తిప్పుతుంటాలే” అన్నారు. మాట సబబైనదే గనక తాళం ఇచ్చాను. రెండో నెలలో నర్సమ్మ పేపరు తెచ్చి, వీరు మీ బావగారే కదండీ అంది. ఫొటోలో ముసలిది, దాని మీద చెయ్యేసి బావ, ఇంకో చేతిలో పాత బళ్ళ ప్రదర్శనలో సంఘం ఇచ్చిన కప్పు. ఆఫీసు పని చేసుకుంటూనే ఆరేళ్ళు ఒంటిచేత్తో బండికి ప్రాణం పోసిన ఉద్యోగి అని కింద రాశారు. ఆయన ఒంటిచేత్తో ప్రాణం పోసినవి ఇస్త్రీ చొక్కాలు, అవి కూడా అక్క చేత్తో.

అడిగితే, “ఇంట్లోవాళ్ళం, నీదైతేనేం నాదైతేనేంరా” అన్నారు. ఊరుకున్నాను. నేను ఊరుకున్నానంటే ఎవరైనా భయపడాలి. బావ భయపడలేదు.

తర్వాతి ప్రదర్శనకి నేనూ చేతికర్రతో వెళ్ళాను. జనం బాగా పోగయ్యాక ఎడమ వెనక చక్రంలో గాలి తీసింది నేనే. వీలునామాలో అబద్ధం రాయకూడదు. చక్రం మార్చక తప్పలేదు, బావ స్పానర్ పట్టారు. మామూలు నట్టు ఎడమకి తిప్పితే వదులవుతుంది. ఈ రకం పాత జీపులకి మటుకు ఎడమవైపు రెండు చక్రాలకీ తిరకాసు, కుడికి తిప్పితేనే వదులు. చక్రం తిరిగే ఊపుకి ఊడిపోకుండా అప్పటివాళ్ళు చేసిన ఏర్పాటు. ఒక్కసారి చక్రం విప్పినవాడికెవడికైనా తెలుస్తుంది. బావ ఎడమకి తిప్పారు. రాలేదు. స్పానర్ మీదెక్కి నిలబడి ఎగిరారు. ఠప్పుమని ఒక బోల్టు విరిగింది. ఇంకోదాని మీద ఎగిరారు. అలా మూడు.

జనం చూస్తున్నారు. బావ చేతులు దులుపుకుని, “మా బావమరిది బిగించాడు లెండి. చదువు లేదు, ఏం చేస్తాం” అన్నారు. అందరూ నా కర్రవైపు చూసి నవ్వారు. కప్పు వచ్చినప్పుడు ఆయన చేసిన బండి, బోల్టు విరిగినప్పుడు నేను బిగించిన బండి. ఈ ఒక్క వాక్యం కోసమే మిగతా కాగితమంతా రాస్తున్నాను.

ఆ తర్వాత ఎవరో ఆయన చెవిలో ఊదారు. ఇప్పుడు ఎక్కడికి వెళ్ళినా, ఎడమవైపు నట్లు తిరకాసు తెలుసా అని ఆయనే పదిమందికి పాఠం చెబుతున్నారు. మొన్న ఆసుపత్రిలో నేను నిద్రపోతున్నాననుకుని నా భార్యతో, “చెల్లెమ్మా, వాడికేమన్నా అయితే బండి గురించి బెంగపెట్టుకోకు, నేను తీసుకెళతాలే” అన్నారు. మూసుకున్నవి కళ్ళే. చెవులకి షట్టర్లుండవు.

కాబట్టి నా నిర్ణయం. ముసలిది చేసినవాళ్ళకే చెందాలి. చేసింది తానేనని బావ అంటున్నారు. నేను కాదనను, పోయినవాడికి వాదన తగదు. అదే ఎడమ వెనక చక్రం ఐదు నట్లూ, ఒక్క బోల్టు విరగ్గొట్టకుండా బావ తీస్తే, ముసలిది తాళంతో సహా ఆయనది. ఎవరూ అడ్డుచెప్పకూడదు. తీయలేకపోతే తర్వాతి వంతు నా భార్యది. బావ విరగ్గొట్టిన బోల్టుని ఆమె లెక్కలోంచి తీసేయాలి. మిగిలినవి ఆమె తీస్తే ముసలిది ఆమెది. ఆమె కూడా తీయలేకపోతే పాత ఇనుము కొట్టాయన కాటా మీదికి. సలహాలు ఇవ్వడం నిషిద్ధం. స్పానర్ గోడకి రెండో మేకున ఉంది, పక్కనే పాతగుడ్డ కూడా.

తడిగుడ్డా, ఇక్కడ ఆపు. కాగితం మడిచి జేబులో పెట్టు. అందరూ చక్రం దగ్గరికి నడవండి. పని అయ్యాక వచ్చి కూర్చోండి, అప్పుడు మిగతాది చదువు.

6. కూర్చున్నారా. బావగారూ, కుర్చీ చేతులు గట్టివే, పట్టుకోండి.

మీరు నవ్వుతూ వెళ్ళి ఉంటారు. ఎడమవైపు తిరకాసు అని సంఘం అధ్యక్షుడికి మరోసారి పాఠం చెప్పి, ఐదింటినీ కుడికే తిప్పి ఉంటారు. ఒకటో రెండో లొంగి ఉంటాయి, మీకు ధైర్యం వచ్చి ఉంటుంది. ఆ తర్వాతది లొంగి ఉండదు. మీరు మళ్ళీ స్పానర్ ఎక్కి ఉంటారు.

మీరు విరగ్గొట్టిన మూడింటికీ అలాంటి పాత బోల్టులు ఎక్కడా దొరకలేదు. మామూలువి వేశాం. అందువల్ల ఆ చక్రానికి ఐదింటిలో మూడు ఎడమకి తిరుగుతాయి, రెండు కుడికి. ఇలాంటి చక్రం ఇంకోటి ఎక్కడా ఉండదు, దాన్ని తయారుచేసింది మీరే. ఆ ఒక్క ముక్కలో మీ మాట నిజం, ఈ బండికి మీరూ కొంత చేశారు. పాత బోల్టు మొన మీద చిన్న గుర్తు ఉంటుంది, గ్రీజు తుడిస్తే కనిపిస్తుంది. అందుకే పాతగుడ్డ పక్కనే పెట్టాను. మీరు దాన్ని ముట్టుకుని ఉండరు. మసి అంటడం మీకు పడదు.

నా భార్య ముందు గుడ్డ తీసి ఉంటుంది. లేదా అది కూడా తీయకుండానే తిప్పి ఉంటుంది. ఎందుకంటే ఆ మూడు బోల్టులు వేసినప్పుడు నా నడుము వంగలేదు. నేను ముక్కాలిపీట మీద కూర్చుని నోరు మాత్రమే ఆడించాను. కింద దూరి విరిగిన ముక్కలు సుత్తితో దిగగొట్టి, కొత్తవి ఎక్కించి, బిగించింది ఆమె. ముసలిది ఆమెకి సర్వహక్కులతో, తరతరాలు చెల్లేలా రాసిచ్చేశాను. సవతిని సవతికే అప్పగించాను.

7. పగ తీరింది గనక పడుకుందామనుకున్నాను. నిన్న పొద్దున దీన్ని మళ్ళీ చదువుకుంటుంటే ఒకటి తట్టింది.

ఆరేళ్ళు లైటు పట్టుకుంది ఆమె. తుప్పు నట్లని పాత పాలగిన్నెలో కిరసనాయిల్ పోసి నానబెట్టి, పళ్ళు తోమే బ్రష్షుతో ఒక్కొక్కటీ తోమింది ఆమె. గుడారం గుడ్డ తెచ్చి సీట్లు కుట్టింది ఆమె, ఆ కుట్టులో సూది విరిగి వేలిలో ఉండిపోయిన ముక్క ఇప్పటికీ చలికాలం సలుపుతుంది. పాత బళ్ళు చేసేవాళ్ళకి ఒక అలవాటుంది. రంగు వేసే ముందు ఎవరికీ కనపడని చోట, డాష్‌బోర్డు వెనక రేకు మీద, చేసినవాళ్ళు పేరు గీసుకుంటారు. నేనూ గీశాను. ఒక్క నా పేరే. బండి చూడ్డానికి ఇంటికి వచ్చినవాళ్ళు అడిగినప్పుడు కూడా నేనే చేశాను అన్నాను, ఆమె పక్కన మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడి ఉండగా. ఆ మాట బావ ఎక్కడో నేర్చుకోలేదు. నా నోటే విన్నారు.

అందుచేత ఈ అంశం నా మీద నేను రాసుకున్న శిక్ష. తడిగుడ్డా, డాష్‌బోర్డు విప్పి బయటికి తీయి. రేకు మీద ఆమె పేరు, నీ దగ్గరున్న వెడల్పాటి కుంచెతో, పైన రాయి. నా పేరు చెరపకు, కిందే ఉండనీ. ఆ తర్వాత రేకుని లోపలికి తిప్పి బిగించొద్దు. అక్షరాలు బయటికి ఉండేట్టు బిగించు. వచ్చే ప్రదర్శనకి ముసలిదాన్ని ఆమే తోలుకెళ్ళాలి. అధ్యక్షులవారికి పుల్ల ఎలాగూ ఇచ్చాను.

8. గురువారం నన్ను బిగించేవాడికి బిగించడం వస్తే ఈ వీలునామా రద్దు. అప్పుడు చక్రం పందెం నేను బతికుండగానే పెడతాను, ఏడో అంశం మరుసటి రోజే జరుగుతుంది. ముక్కాలిపీట మీద నేనే కూర్చుంటాను. కుర్చీ మాత్రం బావకే.

పైదంతా నేనే రాసి, నేనే చదువుకుని, కొట్టివేతలు లేకుండా సంతకం చేశాను.

తేదీ: పదకొండో నెల మూడో తారీఖు, సోమవారం, పొద్దున్న పదిన్నర

(సంతకం) షట్టర్లాయన

సాక్షులు:

1. పక్కింటి రిటైర్డు మాష్టారు. నా ఎదుటే సంతకం చేశాడు. తప్పులు దిద్దుతానంటే వద్దన్నాడు.

2. పంచర్ల కొట్టాయన. నా ఎదుటే సంతకం చేశాడు. ఆ చక్రంలో గాలి నింపింది నేనే. నట్ల సంగతి నాకూ తెలుసు. ఆయమ్మ వంతు అయ్యేదాకా నోరు విప్పను.