దేవానందానికి ఇచ్చిన బొంత

కాప్రా, సికింద్రాబాద్
23-12-1991, సోమవారం

ప్రియమైన ప్రేమమణికి,

ప్రభువు నామంలో వందనాలు. ఇక్కడ నేను క్షేమం. కాకినాడలో నువ్వూ, అమ్మాయి దేవకృపా, పసివాడూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నీ ఉత్తరం శుక్రవారం అందింది. మనవడికి పచ్చకామెర్లు తగ్గుముఖం పట్టాయని చదివాక గాని నాకు అన్నం సయించలేదు. పొద్దుటి ఎండ చూపించడం మాత్రం మానకండి.

బీపీ మాత్రలు వేసుకుంటున్నావా అని అడిగావు. వేసుకుంటున్నాను. గోడలకి సున్నం వేయించావా అన్నావు. వేయించాను, వేసినవాడు సగం సున్నం నేల మీదే పోశాడు. గుమ్మానికి నక్షత్రం కట్టావా అన్నావు. కట్టలేదు. ఈ ఏడు పండగంటేనే నాకు వెగటుగా ఉంది. వీధిలో ఏ ఇంటి ముందు చూసినా దూది అతికించి మంచు అంటున్నారు. సికింద్రాబాద్‌లో మంచు ఎవడు చూశాడు?

సంఘం బొంతకి మన ఇంటి ముక్క పక్కింటి మేబెల్ కుట్టిందా అని రెండుసార్లు అడిగావు. కుట్టలేదు. పాపం, వాళ్ళ ముక్క అయ్యి మనది మొదలుపెట్టేలోగా, గంజి వారుస్తుంటే ఆ పిల్ల చెయ్యి కాలింది. ఇంకొకరిని అడగడం ఇష్టం లేక నేనే కుట్టాను. ముప్పై ఏళ్ళు ఆఫీసులో డ్రాయింగులు గీసినవాడిని, పన్నెండంగుళాల చదరం నాకో లెక్కా అనుకున్నాను.

ముక్క మీద కుట్టే నక్షత్రానికి ఎర్ర మఖమల్ కోసం మోండా మార్కెట్ దాకా పోయాను. కొట్టువాడు నన్ను ఎగాదిగా చూశాడు. "ఏందీ సార్, మేడం ఊర్ల లేదా? జెర చమ్కీలు సుత తీస్కోండ్రి, మంచిగ మెరుస్తది" అన్నాడు. వద్దన్నాను. "పండగకి మెరవకుంటే ఎట్ల సార్? పరేషాన్ గాకుండ్రి, నేనే ఏరిస్త" అని గుప్పెడు పొట్లం కట్టి చేతిలో పెట్టాడు. ఇంటికి తెచ్చేసరికి ఆ చమ్కీలు చొక్కాకీ, చేతులకీ, చివరికి పెరుగన్నానికీ అంటుకున్నాయి. చీదర పుట్టింది.

ఇంతవరకూ నవ్వుకుంటూ చదివి ఉంటావు. ఇక మీద నవ్వకు.

ఆ బొంత ఈ ఏడు ఎవరికి ఇస్తున్నారో నువ్వు నాకు చెప్పకుండా వెళ్ళావు. కావాలనే చెప్పలేదు. మీ స్త్రీల సమాజం సెక్రటరీ కుసుమకుమారి గారు వచ్చి చెప్పారు. "ఈ సంవత్సరం మన సంఘంలో ప్రభువు పిలుచుకున్నది ఆలిస్ ఒక్కదాన్నే కదండీ. అందుకని బొంత వాళ్ళాయన దేవానందం గారికే" అన్నారు. అని ఊరుకోకుండా, "మీ ఇంటి ముక్క మధ్యలో పెడదామనుకుంటున్నాం" అని కూడా అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

అతని స్కూటరు వెనక కూర్చుని, పాటల ప్రాక్టీసు నుంచి వస్తూనే కదా మన సామ్యూల్ పోయాడు. లారీ ఎదురొస్తే అతను కాలు విరిగి బతికాడు, మన పిల్లాడు బతకలేదు. నువ్వు క్షమించానన్నావు. నేను ఆ మాట ఏనాడూ అనలేదు. రెండేళ్ళుగా అతను ఎదురైతే రోడ్డు దాటి అవతలికి పోతున్నాను. అలాంటి మనిషి చలికి కప్పుకోవడానికి నేను సూదిలో దారం ఎక్కించాలా? ఏడాదిలో చావు చూసిన ఇంటికి సంఘంలో ప్రతి ఇల్లూ ఒక్కో ముక్క కుట్టి, అన్నీ కలిపి బొంత చేసి ఇవ్వాలనీ, అడుగుగుడ్డ ఎవరింట్లో వాడిన గుడ్డ వాళ్ళే పెట్టాలనీ ఏ మహాతల్లి మొదలుపెట్టిందో గాని, ఆవిణ్ణి ఆ రోజంతా తిట్టుకున్నాను.

వాడిన గుడ్డే కదా కావాలి అనుకున్నాను. ప్రేమా, నీలం గళ్ళ దిండు గలీబు చింపి కిరసనాయిలు స్టవ్ తుడవడానికి పెట్టుకున్నావు చూడు, అది తీశాను. సబ్బు కూడా పెట్టలేదు. ఒక్కసారి నీళ్ళలో ముంచి, ఆరేసి, ఇస్త్రీ పెట్టె తోసి, మసి కనబడే చోట సరిగ్గా నక్షత్రం వచ్చేలా కుట్టాను. ఐదు మూలలూ చక్కగా కుదిరాయి. ఒక్కో కుట్టూ వేస్తుంటే, నీకు ఇది చాలురా అని లోపల అనుకుంటూనే ఉన్నాను. ముక్క చూసి కుసుమకుమారి గారు, "మగవారి చేతి పనిలా లేదండీ" అని మెచ్చుకున్నారు. సంతోషించాను కూడా.

బొంత అందుకునే ఇంటివారి ముందు ఒక్కొక్కరూ లేచి, తమ ముక్క ఏ గుడ్డో చెప్పాలన్న సంగతి నాకు తెలియదు. ఇన్నేళ్ళూ లోపల మీ ఆడవాళ్ళు కూర్చునేవారు, మేం మగవాళ్ళం బయట చెట్టు కింద కబుర్లాడుకునేవాళ్ళం. మనకి బొంత ఇచ్చిన ఏడు నేను గదిలోంచి బయటికే రాలేదు కదా.

నిన్న ఆరాధన అయ్యాక నీ బదులు నన్ను లోపల కూర్చోబెట్టారు. దేవానందం ఒళ్ళో బొంత పెట్టారు. బాగా చిక్కిపోయాడు. మేబెల్ లేచి, "ఇది మా అత్తమ్మ ఆఖరి చీరండీ" అంది. అతను ఆ ముక్క మీద చెయ్యి వేశాడు. అలా పేరు పిలిచినప్పుడల్లా వెతుక్కుని చెయ్యి వేస్తున్నాడు. "జకర్యా గారిల్లు" అని పిలిచారు. లేచి నిలబడ్డాను. దిండు గలీబు అంటే సరిపోయేది. అది అబద్ధం కూడా కాదు. కానీ అందరూ నా నోటికేసే చూస్తున్నారు, వాళ్ళ ముందు చిన్నబోతానని భయం వేసింది. "మా సామ్యూల్ చొక్కా" అన్నాను.

దేవానందం వంగి, ఆ ముక్కకి ముఖం ఆనించి ఏడ్చాడు. కిరసనాయిలు వాసన అతనికి తగలకుండా ఉంటుందా? అయినా ముఖం ఎత్తలేదు. ఆడవాళ్ళంతా కళ్ళు తుడుచుకున్నారు. కుసుమకుమారి గారు నా చేతులు పట్టుకుని, "ఇదే నిజమైన క్రిస్మస్ అండీ" అన్నారు. నేను తలవంచుకుని ఆ పొగడ్త వినేశాను. ఆ తరువాత కాఫీ తాగాను, కేకు రెండు ముక్కలు తిన్నాను. ఇంటికొచ్చి పెరట్లో కక్కుకున్నాను. నామీద నాకే ఇంత రోత ఎన్నడూ పుట్టలేదు. అతణ్ణి చూసి పుట్టిన అసహ్యం దీని ముందు ఎందుకూ పనికిరాదు. పోయిన బిడ్డ పేరు పెట్టి స్టవ్ తుడిచిన గుడ్డని ఇచ్చుకున్నాను ప్రేమా.

సాయంత్రం నీ పెట్టె తెరిచాను. నువ్వు దాచుకున్న వాడి చొక్కా తీసి బల్ల మీద పరిచాను. జేబూ గుండీలూ తగలకుండా, వీపు వైపు పన్నెండంగుళాల చదరం, చుట్టూ అరంగుళం వదిలినా వస్తుంది. సుద్దతో గీశాను. కత్తెర పక్కనే ఉంది. కానీ కోయలేదు. కాలరు లోపల వాడి మెడ మురికి గీత ఇంకా ఉంది. నువ్వు రెండేళ్ళుగా దాన్ని ఎందుకు ఉతకలేదో నిన్న నాకు అర్థమైంది.

రేపు పొద్దున్నే దేవానందం ఇంటికి వెళ్తున్నాను. అది ఏ గుడ్డో, ఎందుకు ఇచ్చానో అతనితోనే చెబుతాను. గెంటేస్తే గెంటేయనీ. దానికి నీ ఒప్పుదల అడగడం లేదు. చొక్కా మాత్రం నీది. కోయమంటే ఆ పాత ముక్క విప్పి, ఇది నా చేత్తోనే కుట్టి ఇస్తాను. వద్దంటే సుద్ద దులిపి మడతపెట్టేస్తాను. ఒక్క కార్డు రాయి, చాలు. అది వచ్చేదాకా నేను ఆ బల్ల మీద అన్నం తినను, చొక్కా దాని మీదే ఉంది.

ఇట్లు,
సామ్యూల్ నాన్న,
జకర్యా